సానెట్ 18: ‘వేసవితో పోల్చాడు’ అని రాసేముందు తొమ్మిదో లైను చదవండి

డిగ్రీ పేపర్ల వాల్యుయేషన్‌కి కూర్చున్న ప్రతిసారీ షేక్‌స్పియర్ సానెట్ 18 (సానెట్ అంటే మామూలుగా 14 లైన్ల పద్యం) గురించి ఒకే వాక్యం కట్టలకు కట్టలు ఎదురవుతుంది: "ఈ పద్యంలో షేక్‌స్పియర్ తన ప్రేయసిని వేసవి రోజుతో పోల్చాడు." గైడుల్లో ఇదే, వీడియో సమ్మరీల్లో ఇదే, పిల్లలు బట్టీ పట్టేదీ ఇదే. పద్యం చేజారిపోయేది కూడా సరిగ్గా ఈ వాక్యం దగ్గరే. అందుకే ముందు దీని సంగతి తేల్చుకుందాం.

అపోహ: కవి తన ప్రియమైన మనిషిని వేసవి రోజుతో పోల్చాడు.

వాస్తవం: పోల్చనా అని అడిగాడు, అంతే. రెండో లైనులోనే ఆ పోలిక చాలదని తేల్చేశాడు. నువ్వు అంతకన్నా అందం, అంతకన్నా నిలకడ అన్నాడు. అక్కడి నుంచి ఎనిమిదో లైను దాకా వేసవి మీద వరసగా ఫిర్యాదులే. మే నెల మొగ్గల్ని ఈదురుగాలులు ఊపేస్తాయి. వేసవికి దొరికిన కౌలు గడువు మరీ తక్కువ. సూర్యుడు ఒక్కోసారి మాడ్చేస్తాడు, ఒక్కోసారి వెలవెలబోతాడు. అందమైనది ఏదైనా ఏదో ఒకనాడు, ప్రమాదం వల్లో కాలం వల్లో, తరిగిపోవాల్సిందే.

తొమ్మిదో లైను ‘కానీ’ అని మొదలవుతుంది. మలుపు అక్కడే. నీ వేసవి మాత్రం వాడిపోదు అంటాడు. చాలదని పక్కన పెట్టిన వేసవినే మళ్ళీ తీసుకుని, దానికి లేని శాశ్వతత్వాన్ని చేర్చి ఆ మనిషికి ఇస్తున్నాడు. ఎందుకు వాడిపోదో పన్నెండో లైను చెబుతుంది: కాలానికి లొంగని ఈ పంక్తుల్లో నువ్వు పెరుగుతూ ఉంటావు గనక. అంటే అందం తనంతట తాను నిలవదు, పద్యం నిలబెడుతుంది. దానికీ చివరి రెండు లైన్లలో హద్దు ఉంది. మనుషులు ఊపిరి పీలుస్తున్నంత కాలం, కళ్ళు చూడగలిగినంత కాలం. చదివేవాళ్ళు లేకపోతే ఆ అమరత్వం కూడా లేదు.

ఒకసారి క్లాసులో, తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక అమ్మాయి భయపడుతూనే అడిగింది: "మేడమ్, ఎండాకాలంలా ఉన్నావంటే ఎవరైనా సంతోషిస్తారా? మా పల్నాడులో మే నెలంటే వడగాలే కదా." క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి చేతే ఐదో లైను పైకి చదివించాను. చదివి ఆగింది. "అంటే ఆయన కూడా ఎండ ఎక్కువైందనే అంటున్నాడు కదా మేడమ్" అంది. నిజమే, ఇంగ్లండ్ వేసవి వేరు. అది అందరూ ఎదురుచూసే కాలం. పైగా అప్పటి వాళ్ళ క్యాలెండర్ ఇప్పటిదానికన్నా 10 రోజులు వెనక ఉండేది గనక వాళ్ళ మే నెల మన జూన్‌లోకి వచ్చేది. అయినా ఆ పిల్ల అనుమానం సరైన చోటే పుట్టింది. ఇంగ్లిష్ పద్యం అనగానే టెన్షన్ పడేవాళ్ళు తమకొచ్చిన ఇలాంటి ప్రశ్నని మింగేసి గైడు తెరుస్తారు. దయచేసి మింగేయకండి, అడగండి.

అపోహ: ఇది విడిగా రాసిన ఒక ప్రేమ పద్యం.

వాస్తవం: 1609లో అచ్చయిన 154 సానెట్లలో ఇది పద్దెనిమిదోది. ముందున్న పదిహేడూ ఒక అందమైన యువకుడికి పెళ్ళి చేసుకో, బిడ్డను కను, నీ అందం ఆ బిడ్డలో నిలుస్తుంది అని నచ్చజెప్పేవి. పదిహేడో దాని చివర, బిడ్డలోనూ నా పద్యంలోనూ నువ్వు రెండుసార్లు బతుకుతావంటాడు. పద్దెనిమిదిలో బిడ్డ ఊసే లేదు, పద్యం ఒక్కటే మిగిలింది. మనిషి పేరు నిలబెట్టే సప్తసంతానాల్లో తనయుడితో పాటు కృతినీ, అంటే కావ్యాన్నీ, లెక్కపెట్టిన మనకి ఇది పరాయి ఆలోచన కాదు. తేడా ఎక్కడంటే, మన కావ్యాల అవతారికల్లో (ముందుమాటల్లో) కృతిపతి, అంటే కావ్యం అంకితం పుచ్చుకున్నవాడి, వంశమంతా వర్ణిస్తారు. ఇక్కడ మనిషి పేరు లేదు, కళ్ళెలా ఉంటాయో జుట్టే రంగో కూడా లేదు. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

మిగతావి త్వరగా చూద్దాం.

‘ప్రేయసి’ అని రాయాలా? పద్యం లోపల ఆడా మగా అన్న ఆనవాలు లేదు. మొదటి 126 సానెట్లూ యువకుడి గురించేనని ఎక్కువమంది పండితులు చదువుతారు. ‘ప్రియమైన వ్యక్తి’ అని రాస్తే ఏ గొడవా లేదు.

1609 పుస్తకం అంకితంలో డబ్ల్యూ.హెచ్. అని పొడి అక్షరాలతో ఉన్న మనిషి ఎవరో బయటపడిందా? లేదు. బయటపడిందని చెప్పే వీడియోలకి మీ పరీక్ష ముందు రాత్రి ఇవ్వకండి.

సానెట్ షేక్‌స్పియర్ కనిపెట్టిందా? కాదు, ఇటలీలో పుట్టింది. ఇంగ్లిష్‌లోకి షేక్‌స్పియర్ కన్నా ముందటి కవులు వయట్, సర్రే తెచ్చారు. మూడు చతుష్పాదులు (నాలుగేసి లైన్ల భాగాలు), చివర ఒక ద్విపాది (రెండు లైన్లు) అనే ఈ పద్ధతి కూడా సర్రే వాడినదే.

అన్నీ 14 లైన్లేనా? ఆయనవే 99వ దానికి 15, 126వ దానికి 12.

ఇక అందరూ చివర్లో అడిగేది: గైడులో ఉన్నట్టు రాయకపోతే మార్కులు పోతాయా? నేను దిద్దిన పేపర్లలో ఎప్పుడూ పోలేదు. "పోల్చబోయి, చాలదని వదిలేసి, తొమ్మిదో లైను దగ్గర మలుపు తిప్పాడు" అని సొంత మాటల్లో, తప్పుల ఇంగ్లిష్‌లో రాసినా సరే, పెద్ద పెద్ద పదాల సమ్మరీ కంటే దానికే ఎక్కువ వేశాను.