కీత్ మూన్ మింగిన 32 మాత్రలు

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద హూ డ్రమ్మర్ కీత్ మూన్ 1978 సెప్టెంబర్ 7న లండన్‌లో చనిపోయాడు. వయసు 32. కడుపులో దొరికిన మాత్రలు కూడా 32. రాక్ స్టార్ కదా, హెరాయినో కొకైనో అయ్యుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అవి డాక్టరు రాసిచ్చిన మాత్రలు, అదీ తాగుడు మానడానికి. మందు పేరు క్లోమెథియజోల్. పోలీసుల లెక్క ప్రకారం వాటిలో 6 కరిగాయి, ప్రాణం పోవడానికి ఆ ఆరే సరిపోయాయి. మిగతా 26 ఇంకా కరగనే లేదు.

అతని డ్రమ్స్ అంటే నాకు ప్రాణం, అందుకే ఈ విషయం దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. మానాలనుకున్న మనిషి, మానడానికి ఇచ్చిన మందుతోనే పోయాడు.

ఇది ఎలా జరుగుతుందంటే, మన మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా, గ్లుటమేట్ అనేది యాక్సిలరేటర్‌లా పనిచేస్తాయి. మద్యం ఆ బ్రేకును గట్టిగా నొక్కి, యాక్సిలరేటర్‌ని అణిచిపెడుతుంది. రోజూ ఇదే తంతు అయితే మెదడు ఊరుకోదు, తన పని తను చేసుకోవాలి కాబట్టి బ్రేకు పట్టు తగ్గించుకుని యాక్సిలరేటర్‌ని పెంచుకుంటూ పోతుంది. అలాంటప్పుడు ఉన్నట్టుండి మద్యం ఆపేస్తే ఇక పట్టి ఆపేది ఏదీ ఉండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, ఫిట్స్ వస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూతపడిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం అంతమంది వెళ్లింది ఈ లక్షణాలతోనే. మొండిగా ఒక్కసారిగా మానేయడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది, ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

క్లోమెథియజోల్ కూడా ఆ బ్రేకునే నొక్కుతుంది. ఆస్పత్రిలో, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండగా, లెక్క ప్రకారం ఇస్తే వణుకు తగ్గుతుంది. అదే సీసా ఇంట్లో చేతికి అందేలా ఉంటే, ఎక్కువ మింగినా, పైన మద్యం తాగినా, ఊపిరి ఆడించే మెదడు కాండం కూడా మెల్లగా మగతలోకి జారుకుంటుంది. నిద్రలో మనం గుర్తుపెట్టుకుని ఊపిరి తీసుకోం కదా, ఆ పని చూసుకునేది అదే.

రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ (1970 సెప్టెంబర్ 18, లండన్, 27 ఏళ్లు) నిద్రమాత్రలు మోతాదుకు మించి వేసుకున్నాడు. లెడ్ జెప్లిన్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ (1980 సెప్టెంబర్ 25, 32 ఏళ్లు) ఒక్క రోజులో దాదాపు 40 పెగ్గుల వోడ్కా తాగాడు. మత్తు వేరైనా ఇద్దరి చావూ ఒకటే, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం. మెలకువగా ఉన్నవాడికి మెతుకు అడ్డంపడితే పొలమారుతుంది, దగ్గి దగ్గి బయటికి తోసేస్తాడు. లోతైన మత్తులో ఉన్నవాడికి పొలమారదు. పార్టీలో ఎవరైనా తాగి పడిపోతే "పడుకోనీ, పొద్దున్నే లేస్తాడు" అంటారే, అదే అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, పిలిచినా లేవకపోతే అంబులెన్సుకి ఫోన్ చేయాలి.

హెరాయిన్ దారి వేరు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మామూలుగా మెదడు గాబరాపడి ఊపిరి తీయిస్తుంది. హెరాయిన్ ఆ గాబరానే చంపేస్తుంది. రోజూ వాడేవాళ్ల ఒంటికి కొంత అలవాటు పడుతుంది గానీ కొన్ని వారాలు మానేస్తే ఆ అలవాటు పోతుంది, అప్పుడు పాత డోసే విషమవుతుంది. రాక్ గాయని జానిస్ జాప్లిన్ అలా కొంతకాలం మానేసి, లాస్ ఏంజెలెస్‌లో చివరి ఆల్బమ్ రికార్డింగ్ రోజుల్లో మళ్లీ మొదలుపెట్టింది. 1970 అక్టోబర్ 4న హోటల్ గదిలో చనిపోయింది, 27 ఏళ్లు.

నన్ను బాగా కదిలించింది ఒక ఎలుకల ప్రయోగం. 1982లో షెపర్డ్ సీగెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఎలుకలకు హెరాయిన్ అలవాటు చేసి, చివరికి పెద్ద డోసు ఇచ్చింది. అలవాటైన గదిలోనే ఇచ్చినవాటిలో సుమారు 32 శాతం చచ్చిపోయాయి. అదే డోసు కొత్త చోట ఇస్తే 64 శాతం! అంటే పాత గదిని చూడగానే ఒళ్లు ముందే ఎదురుదెబ్బకు సిద్ధమవుతోంది, కొత్త చోట ఆ హెచ్చరిక అందడం లేదు. రోజుకో ఊరు, రాత్రికో హోటల్ గది, స్టేజీ దిగాక తెల్లారేదాకా పట్టని నిద్ర, ఆ నిద్రకో మాత్ర, పొద్దున్న లేవడానికి ఇంకో మాత్ర అన్నట్టుండే టూర్ జీవితాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

ఇక 27 ఏళ్ల శాపం. హెండ్రిక్స్, జాప్లిన్‌లా పేరున్న సంగీతకారులు సరిగ్గా 27 ఏళ్లకే పోతారని ఒక నమ్మకం ఉంది. బ్రిటన్‌లో 1956 నుంచి 2007 వరకు నంబర్ వన్ ఆల్బమ్ ఇచ్చిన 1,046 మంది సంగీతకారుల లెక్క తీస్తే (బ్రిటిష్ మెడికల్ జర్నల్, 2011) 27 దగ్గర ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. కానీ 20లలో, 30లలో వాళ్ల మరణాలు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. శాపం కథలో పడి మనం ఈ రెండో లెక్కను పట్టించుకోలేదు.

బయటపడ్డవాళ్లు కూడా ఒక్క దెబ్బతో బయటపడలేదు. బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 70ల మొదట్లో హెరాయిన్‌లో కూరుకుపోయాడు, దాన్ని వదిలించుకున్నాక ఆ చోటులోకి మద్యం వచ్చింది. 1982లో మిన్నెసోటాలోని హేజెల్డెన్ చికిత్సా కేంద్రానికి వెళ్లాడు, మళ్లీ తాగాడు, 1987లో మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఆ రెండోసారి నిలబడింది. 1998లో ఆంటిగ్వా దీవిలో తనే ఒక చికిత్సా కేంద్రం పెట్టాడు, దాని కోసం మరుసటి ఏడాది న్యూయార్క్‌లో తన గిటార్లు 100 వేలం వేశాడు. అమ్ముడుపోయినవాటిలో బ్రౌనీ కూడా ఉంది. 1970లో, హెరాయిన్ మొదలైన ఆ రోజుల్లోనే, లైలా పాటకు వాయించిన గిటార్ అది.