రెండు కోడిపిల్లల లెక్క

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. జనవరిలో వీధిలోకి రంగు కోడిపిల్లల బండి వస్తే పిల్లలు మారాం చేశారట. ఒక ఎర్రది, ఒక పచ్చది కొన్నారు. అట్టపెట్టెలో వేసి నూకలు, నీళ్లు పెట్టారు. మొదటి రాత్రి ఒకటి, మర్నాటి రాత్రి ఇంకొకటి పోయాయి. "రంగులో విషం ఉంటుందంటారు, నిజమేనా? మా అత్తగారేమో దిష్టి అన్నారు. బండి మీద అంత హుషారుగా ఉన్నవి మా ఇంటికి రాగానే ఎందుకిలా అయ్యాయి? ఈసారి నాటుకోడి పిల్లలు తెచ్చి, పెరట్లో గూడు కట్టించి పద్ధతిగా పెంచాలనుకుంటున్నాం. గూడు ఎంత ఉండాలి?" అని అడిగారు.

ఇందులో నాకు బాగా నచ్చింది బండి మీద హుషారు గురించిన ప్రశ్న. ఆవిడ చూసింది సరిగ్గానే చూశారు. బండి మీద ఆ పిల్లలు వంద ఉన్నాయి, ఇంట్లో రెండే ఉన్నాయి. తేడా అంతా అక్కడే ఉంది.

పెళ్లిలో గుండిగ నిండా ఉన్న సాంబారు మూడో పంక్తి లేచేదాకా పొగలు కక్కుతూనే ఉంటుంది. అదే సాంబారు గరిటెడు తీసి చిన్న గిన్నెలో పోస్తే పది నిమిషాల్లో చల్లారిపోతుంది. వేడి దాచుకునేది లోపలి సరుకు, పోగొట్టుకునేది పైతలం. వస్తువు పెద్దదయ్యేకొద్దీ లోపలి సరుకు పెరిగినంత వేగంగా పైతలం పెరగదు. గిన్నెలో సరుకు తక్కువ, ఆ సరుకుతో పోలిస్తే గాలికి తగిలే మేర ఎక్కువ.

దీన్నే కోడికి వేసి చూద్దాం. రోజు వయసు పిల్ల సుమారు 40 గ్రాములు. ఎదిగిన పెట్ట 2 కిలోలు అనుకుంటే పిల్లకు 50 రెట్లు. ఆకారం ఒకటే అనుకుంటే పెట్ట పైతలం మాత్రం పిల్లకు 13 లేక 14 రెట్లే ఉంటుంది. అంటే ఒక్కో గ్రాము ఒంటికి, పెట్టతో పోలిస్తే పిల్ల దాదాపు 3.7 రెట్లు ఎక్కువ చర్మాన్ని గాలికి అప్పగించి కూర్చుంది. ఆ చర్మం మీద ఉన్నది ఈకలు కూడా కాదు, నూగు. అసలు ఈకలు ఒళ్లంతా కప్పడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మన బళ్లలో ఘనం పైతలం 6a², ఘనపరిమాణం a³ అని పిల్లలచేత బట్టీ పట్టిస్తాం. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి భాగిస్తే ఏమొస్తుందో, a చిన్నదైనకొద్దీ అది ఎలా మారుతుందో అడిగే మాస్టారు అరుదు. ఆ ఒక్క భాగహారంతో పసిపిల్లకు దుప్పటి ఎందుకు కప్పుతామో, ఎలుక రోజంతా ఎందుకు తింటూనే ఉంటుందో, ఏనుగుకి అంత పెద్ద చెవులెందుకో చెప్పేయొచ్చు. ఆ పాఠానికి కోడిపిల్లను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

నష్టం సరే, సంపాదన మాటేమిటి? పెద్ద కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైన. అప్పుడే పుట్టిన పిల్ల అంతకంటే రెండు డిగ్రీలు తక్కువలో ఉంటుంది. చుట్టూ చలి పెరిగినా తన వేడిని నిలబెట్టుకునే శక్తి దానికింకా రాలేదు. అది పూర్తిగా రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మనుషుల పసికందులకు భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది, వేడి పుట్టించడమే దాని పని. పక్షులకు ఆ కొవ్వు లేదు. కోడిపిల్లకున్నదల్లా వణుకు. వణకడానికి కండరాలు కావాలి, మొదటి రోజుల్లో అవి కూడా అంతంతమాత్రమే.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. ఒక్కో పిల్లను ఆరు ముఖాల ఘనం అనుకోండి. ఒంటరి పిల్లకు ఆరు ముఖాలూ గాలికే. రెండు ఆనుకుంటే ఒక్కోదానికి ఒక్క ముఖం దాగుతుంది, ఐదు బయటే ఉంటాయి. అదే పదేసి చొప్పున పది వరసల్లో వంద పిల్లలు ఒత్తుకుని ఉంటే, మధ్యలో ఉన్నదానికి నాలుగు పక్కలా సాటి పిల్లల ఒళ్లే, గాలికి మిగిలేవి పైదీ కిందదీ రెండే. ఒంటరి పిల్ల పోగొట్టుకునే దాంట్లో అది మూడో వంతు. అంచున ఉన్నదానికి మూడు ముఖాలు బయట, మూలన ఉన్నదానికి నాలుగు. అందుకే బుట్టలో పిల్లలు క్షణం ఊరుకోకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ, అరుస్తూ మధ్యకు దూరుతుంటాయి. మనం హుషారు అనుకునే దాంట్లో చాలా భాగం ఈ చోటు కోసం పెనుగులాటే. వందా కలిపి లెక్కేస్తే 600 ముఖాల్లో 240 మాత్రమే గాలికి తగులుతాయి. అమ్మేవాడి బుట్టే హీటర్. మనం ఇంటికి రెండు పిల్లల్ని తెచ్చాం గానీ హీటర్‌ని బండి మీదే వదిలేశాం.

రంగు సంగతి. విషం ఉందా లేదా అన్నది రంగును బట్టి ఉంటుంది. కానీ ఏ రంగైనా వేసేటప్పుడు మామూలుగా పిల్లను తడుపుతారు. తడిసిన నూగు గాలిని పట్టి ఉంచలేదు. పైగా ఒక గ్రాము నీరు ఆవిరవుతూ సుమారు 580 కేలరీల వేడి లాక్కుపోతుంది. ఆ కేలరీలు ఎవరి ఒంట్లోంచి పోవాలి? 40 గ్రాముల పిల్ల నుంచే. ముద్దుగా ఉందని పిల్లలు దానికి స్నానం చేయిస్తే కూడా ఇదే జరుగుతుంది. ఇక ఈ బండి పిల్లలు సాధారణంగా గుడ్ల కోళ్ల హేచరీల్లో పుట్టిన మగవి. గుడ్డు పెట్టవు, మాంసానికి ఎదగవు కాబట్టి హేచరీకి అక్కర్లేదు. అవి పుట్టుకతో రోగిష్టివేమీ కావు. గుడ్డులోంచి వచ్చేముందే పచ్చసొనలో మిగిలినదాన్ని పొట్టలోకి లాక్కుంటాయి గనక రెండు మూడు రోజులు మేత లేకపోయినా నెట్టుకొస్తాయి. అందుకే రోజు వయసు పిల్లల్ని పెట్టెల్లో ఎంత దూరమైనా పంపగలుగుతున్నారు. ఆవిడ పెట్టెలో నూకలు ఉన్నాయి, పొట్టలో సొన ఉంది. లేనిది వెచ్చదనం. అత్తగారు దిష్టి అన్నది జనవరి రాత్రి చలే.

తల్లికోడి ఉంటే ఈ లెక్కలేవీ మనకు అక్కర్లేదు. పొదుగుడు కాలంలో దాని పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. పిల్ల ఆ చర్మానికే నేరుగా ఆనుకుంటుంది, వెచ్చబడగానే బయటికొచ్చి గింజలేరుకుంటుంది, చలేస్తే మళ్లీ దూరుతుంది. తల్లి లేకపోతే ఆ వెసులుబాటు మనమే ఇవ్వాలి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీలు, ఆ తరవాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బును నడిమధ్యలో కాకుండా ఒక పక్కకు వేలాడదీస్తే ఎంత వెచ్చదనం కావాలో పిల్లలే ఎంచుకుంటాయి. థర్మామీటర్ కంటే వాటిని చూడటం మేలు. అన్నీ బల్బు కింద గుట్టపడి కీచుకీచుమంటే చలి. దూరంగా పోయి, నోరు తెరిచి, రెక్కలు వాల్చితే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే అటువైపు నుంచి చలిగాలి కొడుతోంది. తిరిగినవి తిరుగుతూ పడుకున్నవి పడుకుంటే అంతా బాగున్నట్టే. రెట్ట ఎండి వెనకభాగానికి అంటుకుపోవడం కూడా చాలాసార్లు చలి తగిలిన గుర్తే. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెల్లగా తీసి, తడి ఆరేదాకా బల్బు కింద ఉంచాలి.

ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. పుస్తకాల్లో "బల్బు పెట్టండి" అని ఉంటుంది, మనమేమో ఎల్ఈడీ పెడుతున్నాం. పాత ఫిలమెంటు బల్బు మింగిన కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోయేది. కరెంటు దండగ అని దాన్ని ఇళ్లలోంచి తీసేశాం, పిల్లకు కావలసింది సరిగ్గా ఆ దండగే. 9 వాట్ల ఎల్ఈడీ ఎంత వెలిగినా దాని నుంచి వచ్చే వేడి 9 వాట్లకు మించదు. పెట్టె ధగధగా మెరుస్తుంది, పిల్లలు చలికి పోతాయి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు గానీ ఇన్‌ఫ్రారెడ్ దీపం గానీ వెతికి తెచ్చుకోండి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్ పిల్లల్నీ చంపుతుంది, మనుషుల్నీ చంపుతుంది.

చుట్టూ అట్టతో గుండ్రంగా కంచె కట్టాలి. మూలలుంటే భయపడ్డప్పుడు అందులోకి దూరి ఒకదాని కింద ఒకటి నలిగిపోతాయి. కింద రెండంగుళాల వరి ఊక. కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు ఐదో రోజు నుంచి ఏడో రోజులోపు వేయించాలి. మిగతా టీకాల వరస మీ పశువైద్యశాలలో చెబుతారు. నాటు పిల్లలు దొరక్కపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తీర్చిన వనరాజా, గ్రామప్రియ రకాలున్నాయి.

ఇక గూడు. కోడి ఎదిగేకొద్దీ పాత లెక్క తిరగబడుతుంది. గిన్నె గుండిగ అవుతుంది. 2 కిలోల పెట్ట, ఒంటినిండా ఈకలు, చెమట గ్రంథులు లేవు. లోపల సుమారు 10 వాట్ల వేడి ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే 41 డిగ్రీల ఒంట్లోంచి వేడి గాలిలోకి పోనే పోదు, ఇంకా గాలి నుంచే లోపలికొస్తుంది. మిగిలిన దారి రొప్పడం ఒక్కటే. 10 వాట్లూ నీటి ఆవిరి రూపంలోనే పోవాలంటే గంటకు 15 గ్రాముల నీరు ఊపిరితో వదలాలి. పది కోళ్లకు 150 గ్రాములు. ఆ ఆవిరి గూట్లోనే నిలిచిపోతే రొప్పినా ఫలితం ఉండదు. రెంటచింతల పొడి ఎండలో 43 డిగ్రీలకు తట్టుకున్న కోడి విజయనగరం ఉక్కపోతలో 38 డిగ్రీలకే వేలాడిపోవడానికి కారణం ఇదే. రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా పోతుంది. గుడ్డు పెంకులోని కార్బనేట్ తయారయ్యేది దాంతోనే. ఎండాకాలంలో పెంకు పలచబడితే సున్నపు పదార్థం తక్కువైందని అనుకుంటాం. ఎంత సున్నం పెట్టినా నీడ, గాలి లేకపోతే పెంకు గట్టిపడదు.

కాబట్టి గూడు కట్టేటప్పుడు చలి గురించి కాదు, వేడి గురించి ఆలోచించండి. ఎదిగిన కోడికి లోపల 2 చదరపు అడుగులు చాలు. పదింటికి 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు. పగలు తిరగడానికి కోడికి కనీసం 8 నుంచి 10 చదరపు అడుగుల ఆవరణ వేరే ఉండాలి. గూటి పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. ఇది వాస్తు కాదు, సూర్యుడి దారి. విజయనగరంలో మే రెండో వారం మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ ఎండను కప్పు ఆపుతుంది. ఉదయం, సాయంత్రం వాలుగా వచ్చే ఎండే లోపలికి దూరుతుంది. ఆ రెండు దిక్కులా పొడవు తక్కువ పక్కలుంటే తక్కువ దూరుతుంది. ఉత్తరం, దక్షిణం అడుగు ఎత్తు గోడ, పైనంతా మెష్.

రేకుల సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. తుప్పుపట్టిన ఇనుప రేకు ఎండకు 60 డిగ్రీలు దాటడం మామూలే. స్టెఫాన్-బోల్ట్‌జ్‌మాన్ సూత్రం ప్రకారం 60 డిగ్రీల తలం చదరపు మీటరుకు దాదాపు 700 వాట్లు వికిరణం చేస్తుంది, 40 డిగ్రీల తలం 545 వాట్లు. గూట్లో గాలి ఒకేలా ఉన్నా, కోడి వీపు మీద చదరపు మీటరుకు 150 వాట్లు అదనంగా కురుస్తాయన్నమాట. రేకు మీద తాటాకులు పరిచినా, సున్నం కొట్టినా ఆ అదనంలో చాలా భాగం పోతుంది. తాటాకులో పాములు చేరతాయి కాబట్టి ఏడాదికోసారి మార్చాలి.

కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే కర్ర మీద ఒక్కోదానికి ఎనిమిది అంగుళాలు ఇవ్వమంటారు. చలికాలానికి అది చాలు, ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. వేసవిలో అవి రెక్కలు ఎడంగా పెట్టి కింది చర్మాన్ని గాలికి చూపిస్తాయి. ఒత్తుకుని కూర్చుంటే చిన్నప్పుడు కాపాడిన లెక్కే ఇప్పుడు ప్రాణం తీస్తుంది. రెండో కర్ర ఒకటి అదే ఎత్తులో వేయించండి.

పిల్లి, ముంగిస, కుక్క రాకుండా అరంగుళం కన్ను ఉన్న వెల్డ్‌మెష్ వాడాలి. పలచటి కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కను బయట ఆపలేదు. నేలలోకి అడుగు లోతున మెష్ పాతిస్తే తవ్వేవి ఆగిపోతాయి. పడుకునే చోట ఊక తడవనివ్వకండి. తడి ఊకలో రెట్టలోని యూరిక్ ఆమ్లం అమోనియా అవుతుంది, రక్త పారుడు తెచ్చే కాక్సిడియా అనే పరాన్నజీవి కూడా ఆ తడిలోనే ఒకటి రెండు రోజుల్లో సోకడానికి సిద్ధమవుతుంది. నిలబడి వాసన చూస్తే తెలియదు. తెల్లవారుజామున మోకాళ్ల మీద కూర్చుని, కోడి తల ఎత్తుకి మీ ముఖం పెట్టి పీల్చండి. కళ్లు మండితే ఆ రోజే ఊక మార్చాలి.

పిల్లల్ని ఎప్పుడు తేవాలంటే, నా ఓటు ఫిబ్రవరి చివరికి. మార్చి పగళ్లు మొదటి వారాలకు కావలసిన వేడికి దగ్గరగా వస్తాయి, బల్బు రాత్రిళ్లకు చాలు. ఏప్రిల్ రెండో వారానికి ఈకలు నిండి గూట్లోకి మారతాయి. కనీసం పది తీసుకోండి. గూడు మాత్రం పిల్లలు రాకముందే, జనవరిలోనే కట్టించండి.