అనుకోని గర్భం, బిడ్డ మనోవర్తి: అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టులో మనోవర్తి (పోషణ ఖర్చు) కేసులు నడిపే న్యాయవాదిగా నేను తరచూ వినే వాదనల్లో కొన్నింటికి చట్టంలో ఆధారమే లేదు. కొన్నింటి వెనక మాత్రం కొట్టిపారేయలేని బాధ ఉంది.

అపోహ: బిడ్డ వద్దని ముందే చెప్పాను, వినకుండా కన్నది, కాబట్టి ఖర్చూ ఆమెదే.

వాస్తవం: క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌గా అందరికీ తెలిసిన నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. అది తండ్రి విషయంలో ప్రధానంగా చూసేది రెండే: పోషించే స్తోమత ఉందా, ఉండి కూడా పోషించకుండా వదిలేశాడా. గర్భం అనుకుని వచ్చిందా, అనుకోకుండా వచ్చిందా అన్న ప్రసక్తే అందులో లేదు. పిటిషన్ మొదటి పేజీ చూస్తే సంగతి అర్థమవుతుంది: ఒకటో పిటిషనరు తల్లి, రెండో పిటిషనరు మైనరు బిడ్డ. "నా ఇష్టానికి విరుద్ధంగా గర్భం ఉంచుకుంది" అని కౌంటరులో, అంటే తండ్రి వేసే జవాబులో, ఎన్ని పేరాలు రాయించినా అవి ఒకటో పిటిషనరు మీద ఫిర్యాదులే తప్ప రెండో పిటిషనరుకు జవాబు కావు.

అయితే మగవారు ఎత్తిచూపే అసమానత నిజంగానే ఉంది. గర్భస్రావానికి మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలని 1971 నాటి ఎంటీపీ (వైద్యపరమైన గర్భస్రావ) చట్టం చెబుతోంది. భర్త సంతకం తెమ్మని కొన్ని ఆస్పత్రులు అడగడం వాడుకే గానీ చట్టం కాదు. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని చెప్పేచోట 'భర్త'కు బదులు 'భాగస్వామి' అన్న మాటను 2021 సవరణ తెచ్చినా, నిర్ణయాన్ని మాత్రం ఆమెకే వదిలింది. నిర్ణయంలో వాటా లేని మనిషి ఖర్చులో వాటా మోయడం అన్యాయం కాదా అంటే, కొంతవరకు అవుననే అంటాను. కానీ ఆ నష్టాన్ని పుట్టిన బిడ్డ పాలడబ్బుల్లోంచి, బడి ఫీజులోంచి రాబట్టుకోమనడం అంతకు మించిన అన్యాయం. పైగా భారమంతా తండ్రిదేనని ఎవరూ అనలేదు: హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) తల్లి మీద కూడా ఆ బాధ్యత పెట్టింది. తల్లికి చాలినంత జీతం ఉంటే బిడ్డ ఖర్చును ఇద్దరికీ దామాషాగా పంచవచ్చని రజనీష్ - నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని కూడా నిర్దేశించింది. నా అనుభవంలో సగం గొడవ ఆ కాగితం మీదే తేలిపోతుంది.

అపోహ: పెళ్లి చెల్లకపోతే బిడ్డకూ ఏమీ రాదు.

వాస్తవం: ఆ 144వ సెక్షన్‌లోనే 'అక్రమ సంతానం' అన్న మాట ఉంది. సవితాబెన్ కేసులో (2005) మొదటి భార్య ఉండగా జరిగిన పెళ్లి చెల్లదని ఆమెకు మనోవర్తి నిరాకరించిన సుప్రీంకోర్టే, బిడ్డ మనోవర్తిని పెంచింది.

అపోహ: పెద్దమనుషుల్లో కూర్చుని, ఇంత సొమ్ము ఒకేసారి ఇచ్చి, ఇక ఏమీ అడగనని స్టాంపు పేపరు మీద రాయించుకుంటే చాలు.

వాస్తవం: తల్లి తన హక్కు గురించి ఏం రాసినా, బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆమెకు లేదు. నోటరీ ముద్ర పడినంత మాత్రాన ఆ కాగితానికి కొత్త బలం రాదు.

అపోహ: బిడ్డ నాది కాదేమోనని అనుమానం ఉందంటే కోర్టు డీఎన్ఏ పరీక్షకు పంపుతుంది.

వాస్తవం: పెళ్లి చట్టరీత్యా అమల్లో ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని చట్టం భావిస్తుంది, ఆ కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువు చేసే భారం భర్తది. కేవలం అనుమానం మీద రక్తపరీక్షకు ఆదేశించరాదని గౌతమ్ కుండు కేసు (1993) నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. బిడ్డ మీద అక్రమ సంతానమన్న ముద్ర పడకూడదన్నదే ఇందులోని ఆలోచన. అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు: నంద్‌లాల్ బద్వాయిక్ కేసులో (2014) పరీక్ష అప్పటికే జరిగి అతడు తండ్రి కాదని తేలడంతో, చట్టం ఊహ కన్నా శాస్త్రీయ రుజువుకే బలం ఎక్కువని అదే కోర్టు అంది. పరీక్ష జరిగితే ఒక ఫలితం, జరగకపోతే మరో ఫలితం వచ్చే ఈ స్థితి నాకూ సంతృప్తిగా లేదు. మనోవర్తి చట్టంలో మగవారి ఫిర్యాదుకు గట్టి చోటు ఎక్కడైనా ఉందంటే, 'అనుకోని గర్భం' వాదనలో కన్నా ఇక్కడే ఎక్కువ ఉంది.

అపోహ: మనోవర్తి కట్టనందుకు జైలుకెళ్లి వస్తే బకాయి తీరినట్టే.

వాస్తవం: తీరదు. జైలు వసూలు చేసే పద్ధతే గానీ చెల్లింపు కాదని కుల్దీప్ కౌర్ కేసులో (1989) సుప్రీంకోర్టు తేల్చింది. తల్లులు గమనించాల్సింది వేరే ఉంది: 144వ సెక్షన్ కింద బకాయికి వారంటు కోరే దరఖాస్తును, ఆ సొమ్ము చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే వేయాలి.