గిన్నెలో దూది

పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీలో చిన్నది గుమ్మం పట్టుకుని నిలబడి అడిగింది గుర్తుందా? "తాతయ్యా, అది వంటింటి గిన్నె కదా, దాంతో గడ్డం ఎందుకు గీసుకుంటున్నావు?" అప్పటికి మీరు బయల్దేరే వేళైంది. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదని ఊరుకున్నాను. ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వెంట్రుకను కోసేది బ్లేడే. గిన్నె పనంతా అంతకుముందే అయిపోతుంది. గిన్నెలో నేను చేసేది సబ్బు నురగ, అదీ ఒక రకం దూదేకడమే.

నొక్కి కట్టిన దూది మూటను చూడండి, ఇటుకలా ఉంటుంది. విల్లు పెట్టి ఏకితే పోగు పోగు విడిపోతుంది, ఆ సందుల్లోకి గాలి దూరుతుంది. దూది బరువు పెరగదు, గది మాత్రం నిండిపోతుంది. సబ్బు బిళ్ళ ఆ మూట లాంటిది. బ్రష్ విల్లు. గిన్నె, ఏకిన దూది చెదిరిపోకుండా ఆపే గది మూల. ఎలాంటి గిన్నె కావాలో ఇక మీకే తెలిసిపోతుంది: లోపల బ్రష్ తిరగాలి, అంచు కాస్త ఎత్తుండాలి, అరచేతిలో కుదురుకోవాలి. నాది 12 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు. ఇంతకంటే దానికి వేరే అర్హత అక్కర్లేదు.

ఏకిన దూదితో పరుపు కుడతారు, గట్టి మంచం ఒంటికి గుచ్చుకోకుండా. నురగ కూడా చర్మానికీ బ్లేడుకూ మధ్య వేసిన పరుపే. కాకపోతే ఇది తడి పరుపు. పొడి వెంట్రుక మొండిది. రెండు మూడు నిమిషాలు నానితే నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, తేలిగ్గా తెగుతుంది. ఉత్త నీళ్ళు బుగ్గ మీద నిలవవు, జారిపోతాయి. నురగ వాటిని అక్కడే పట్టి ఉంచుతుంది. ఒళ్ళు రుద్దుకునే సబ్బు నురగ పెద్ద పెద్ద బుడగలతో లేచి ఇట్టే చప్పబడిపోతుంది. గడ్డం సబ్బులో పొటాషియంతో చేసిన సబ్బు ఎక్కువ, అందుకే అది నీటిలో బాగా కరిగి చిక్కటి నురగనిస్తుంది. నీళ్ళు కఠినమైనవైతే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెట్టుగా మార్చేస్తాయి. అది గింజ తీయని దూది. ఎంత ఏకినా పొంగదు.

మా నాన్న గిన్నె ఒక పింగాణీ కప్పు. పిడి విరిగిపోతే అమ్మ పారేయబోయింది, నాన్న అడిగి తీసుకున్నాడు. పొద్దున్నే కిటికీ దగ్గర చిన్న అద్దం ఆనించి పెట్టుకుని కూర్చునేవాడు. వేణ్ణీళ్ళ చెంబు అందించడం నా పని. ఒకరోజు ఆయన లేనప్పుడు నేనే నురగ చేద్దామని కప్పు నిండా నీళ్ళు పోసి బ్రష్ గిరగిరా తిప్పాను. బట్టలు జాడించిన నీళ్ళలాంటిది వచ్చి మోచేతి దాకా కారింది. అంతలో నాన్న వచ్చాడు. కోప్పడలేదు. అంతా పారబోసి, నా చేతిలో బ్రష్ పెట్టి, పైన తన చెయ్యి వేసి తిప్పించాడు. "నీళ్ళు చుక్క చుక్కగా వెయ్యి. వేసింది తియ్యలేవు" అన్నాడు. ఆ చేతి బరువు నాకింకా తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడూ అలాగే చేస్తాను. బ్రష్‌ను గ్లాసు నీళ్ళలో నానబెట్టి, విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పి గిన్నెలోకి దించుతాను. మొదట జిగట. చెంచాతో నాలుగు చుక్కలు వేసి తిప్పుతాను, మళ్ళీ నాలుగు చుక్కలు. మొదట్లో చిటపటమంటుంది. బుడగలు సన్నబడేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. ఏ చప్పుడూ వినిపించనప్పుడు, బ్రష్ ఎత్తితే మొన కొద్దిగా వంగి నిలబడినప్పుడు, నురగ సిద్ధం.

వంటింటి నుంచి ఇంకా ఏమేం తెచ్చుకున్నానో చెప్పాలి. స్టీలు గిన్నె నునుపు, బ్రష్ జారుతుంది. లోపల గాట్లో గీతలో ఉన్నది దొరికితే మేలు. పింగాణీ వేడిని ఎక్కువసేపు నిలుపుతుంది. ఏదైనా సరే, వేణ్ణీళ్ళు పోసిన పెద్ద గిన్నెలో కూర్చోబెడితే నురగ గోరువెచ్చగా ఉంటుంది, చలికాలం పొద్దున బుగ్గకు అంతకంటే హాయి లేదు. అల్యూమినియం మాత్రం వద్దు, సబ్బులోని క్షారానికి నల్లబడుతుంది. గట్టి సబ్బును తురుముపీట మీద తురిమి, మూత డబ్బాలో బొటనవేలితో అదిమితే చక్కగా బిళ్ళ కడుతుంది. కొనే ముందు ఒకసారి ఇంట్లో వెతకండి, దొరికినదానికి పని కల్పించండి. ఒకసారి అద్దం దగ్గరికి వచ్చిన గిన్నె మాత్రం మళ్ళీ పొయ్యి దగ్గరికి పోకూడదు.

నా రేజరు కూడా పాత పద్ధతిదే, పిడి ఉండిపోతుంది, బ్లేడు మారుతుంది. జిలెట్ ఈ తరహా రేజరును 1903లో అమ్మకానికి పెట్టినప్పుడు ఏడాదంతా అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఇప్పుడు లెక్కే లేదు. వాడిన బ్లేడ్లను మూతకు సన్నటి చీలిక కోసిన పాత రేకు డబ్బాలో వేస్తాను. దాన్ని మీరు తాకొద్దు, రేజరునూ తాకొద్దు. బ్రష్, గిన్నె మీవే అనుకోండి.

చిన్నది ఇంకోటి కూడా అడిగింది, సబ్బు ఆకుపచ్చగా ఉంటే నురగ తెల్లగా ఎందుకుందని. ఒక్కో బుడగ పొర పారదర్శకమే. లక్షల పొరలు వెలుగును అన్ని వైపులా చెదరగొడితే మన కంటికి తెలుపు కనిపిస్తుంది. దూదీ అంతే, మబ్బూ అంతే.

ఇక మీకో పని. ఈసారి వచ్చినప్పుడు నురగ చేసిస్తాను. ఒక గాజు గ్లాసులో వేసి, భూతద్దం పెట్టి గ్లాసు పక్కనుంచి చూస్తూ కూర్చోండి. పావుగంటకోసారి చూడండి. చిన్న బుడగ ఇంకా చిన్నదై మాయమవుతుంది, పక్కనున్న పెద్దది ఇంకా పెద్దదవుతుంది. చిన్న బుడగలో గాలి ఒత్తిడి ఎక్కువ, ఆ గాలి పొర గుండా పెద్దదాంట్లోకి పోతుంది. ఏ బుడగ ముందు పోతుందో నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా ఊహించలేకపోయాను. మీరు ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా కళ్ళు తిప్పకుండా చూడండి.

మీ తాతయ్య