గుర్రం వెనకబడిందంటే రక్తం తగ్గినట్టేనా?

మలక్‌పేట రేస్‌కోర్సులోనైనా మరెక్కడైనా, బాగా పరుగెత్తే రేసు గుర్రం చివరి 200 మీటర్లలో డీలా పడితే ముందుగా వినిపించే మాట "బ్లడ్ తగ్గింది, ఐరన్ పెట్టండి". ఆ మాటతోనే మొదలుపెడదాం.

అపోహ: హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) తక్కువుంటే ఐరన్ టానిక్ పట్టాలి.

వాస్తవం: గుర్రం తన ఎర్ర రక్తకణాల్లో పెద్ద వాటాను ప్లీహంలో దాచుకుంటుంది, పరుగులోనో బెదిరినప్పుడో రక్తంలోకి వదులుతుంది. లాయంలో నింపాదిగా ఉన్నప్పుడు 35-40 శాతం చూపే గుర్రమే గ్యాలప్ (పూర్తి వేగంతో పరుగు) చేశాక 60 దాటుతుంది. సూదికి బెదిరినా అంకె పెరుగుతుంది. కాబట్టి ఒక్క రిపోర్టుతో ఏదీ తేలదు. గడ్డి మేసే గుర్రానికి ఇనుము లోటు చాలా అరుదు, అదనంగా పట్టింది కాలేయంలో పేరుకుంటుంది. రక్తం నిజంగానే తగ్గితే పిడుదులు అంటించే బబీసియా, జోరీగలు మోసే సర్రా అనే రక్త పరాన్నజీవుల జబ్బులు ఉన్నాయేమో రక్తపు చుక్కను స్లైడు మీద చూడాలి.

అపోహ: కుంటడం లేదు, కాళ్లు బాగున్నాయి.

వాస్తవం: అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది కాళ్లనే. ముందు కాళ్లు రెండూ ఒకేలా నొప్పి పెడుతుంటే గుర్రం ఒక కాలు కుంటేటప్పటిలా తల ఊపదు. అంగ కురచవుతుంది, మలుపులో మొరాయిస్తుంది, అంతే. గట్టి నేల మీద తిన్నగా ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) చేయించండి. సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) పగ్గం వదులుగా పట్టుకోవాలి, బిగిస్తే తల కదలిక తెలియదు. తర్వాత రెండు వైపులా గుండ్రంగా తిప్పండి. అప్పటికీ తేలకపోతే ఒక కాలి గిట్ట వెనకవైపు నరాలకు మత్తు సూది ఇచ్చి, పది నిమిషాలాగి మళ్లీ ట్రాట్ చేయించాలి. నొప్పి రెండు కాళ్లలోనూ అక్కడే ఉంటే, మత్తిచ్చిన కాలి నొప్పి తెలియక, అంతవరకు తిన్నగా నడిచిన గుర్రం రెండో కాలితో కుంటడం మొదలుపెడుతుంది! ఎముకలో సన్నని పగులుందన్న అనుమానముంటే మాత్రం దయచేసి మత్తివ్వకండి. నొప్పి తెలియక బరువంతా మోపితే కాలు విరుగుతుంది.

అపోహ: ముక్కులో రక్తం కనబడలేదు, ఊపిరితిత్తులకు ఢోకా లేదు.

వాస్తవం: ఊపిరితిత్తుల్లో రక్తం కారే గుర్రాల్లో చాలావాటికి ముక్కుదాకా చుక్క కూడా రాదు. గట్టి గ్యాలప్ అయిన 30-90 నిమిషాల్లోపు ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నని గొట్టం) పెట్టి శ్వాసనాళం చూడాలి. ఇక పరుగు చివర్లో గురగుర చప్పుడు వస్తే మెత్తటి అంగిలి జారి గాలిదారికి అడ్డుపడుతుండవచ్చు. నిలబెట్టి చూస్తే అది దొరక్కపోవచ్చు, పరుగెడుతుండగానే స్కోపుతో చూడాలి.

అపోహ: గుండె మధ్యలో ఒక దెబ్బ వదిలేస్తోంది, ఇక రేసులకు పనికిరాదు.

వాస్తవం: విశ్రాంతిలో నిమిషానికి 28-44 సార్లు కొట్టుకుంటూ, ఒక పద్ధతిలో ఒక్కో దెబ్బ వదిలేయడం మామూలే. కాస్త ట్రాట్ చేయిస్తే పోతుంది. లయే లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకుంటేనే వెంటనే ఈసీజీ తీయించండి.

కండరాలు పట్టేస్తున్నాయనిపిస్తే రక్తం తీసే వేళ ముఖ్యం. పనికి ముందు ఒకసారి, పని అయిన 4-6 గంటలకు మరోసారి తీసి సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పోల్చాలి. మర్నాడు తీస్తే సీకే చాలావరకు దిగిపోయి ఉండవచ్చు.