సింగపూర్ ఫ్లాట్లలో జాతుల లెక్క ఎక్కడిది?

సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాట్ అమ్మబోయే మనవాళ్లకు ఒక్కోసారి వింత చిక్కు వస్తుంది. కొనడానికి ఓ చైనీస్ కుటుంబం సిద్ధంగా ఉంటుంది, రేటూ కుదురుతుంది. తీరా చూస్తే, ఒక్కో జాతికీ ఇంత శాతమని ప్రభుత్వం పెట్టిన లెక్కలో ఆ బ్లాకు చైనీయుల కోటా నిండిపోయి ఉంటుంది. బేరం అక్కడితో సరి. మనుషుల్ని ఇలా కొలిచి పోయడమేంటని విసుగొస్తుంది కానీ, ఈ కొలత వెనక 1964 నాటి జాతి అల్లర్లు ఉన్నాయి.

ఎవరి పేట వాళ్లది అన్న పద్ధతి ఇంగ్లీషువాళ్లు పెట్టింది. సింగపూర్‌లో ఇంగ్లీషువాళ్ల స్థావరం మొదలుపెట్టిన రాఫెల్స్ 1822లో వేయించిన ప్లానులోనే చైనీయులకు ఒకవైపు, మలయ్‌లకు, అరబ్బులకు కంపోంగ్ గ్లామ్‌లో (కంపోంగ్ అంటే పేట), భారతీయులకు చూలియా కంపోంగ్‌లో చోటు చూపించారు.

1963లో సింగపూర్ మలేషియాలో కలిసింది. మలయ్‌ల ప్రత్యేక హక్కుల మాట కౌలాలంపూర్‌లో అధికారంలో ఉన్న మలయ్‌ల పార్టీ అమ్నోది, అందరూ సమానమన్న మాట సింగపూర్‌ను ఏలుతున్న లీ క్వాన్ యూ పార్టీ పీఏపీది. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో పీఏపీ మలేషియా ప్రధాన భూభాగంలోనూ పోటీకి దిగేసరికి టెన్షన్ ముదిరింది. 1964 జూలై 21న మిలాద్ ఉన్ నబీ ఊరేగింపు పాడాంగ్ మైదానం నుంచి గేలాంగ్ వైపు సాగుతుండగా కల్లాంగ్ దగ్గర మలయ్‌లకు, చైనీయులకు మధ్య కొట్లాట మొదలైంది. ముందు చెయ్యి ఎవరిదన్న దానిపై ఇప్పటికీ ఒక మాట లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు కర్ఫ్యూ పెట్టారు. జూలైలో 23 మంది, సెప్టెంబర్‌లో మళ్లీ రాజుకున్నప్పుడు 13 మంది చనిపోయారు. పేటపేటకీ పెద్దమనుషులతో సౌహార్ద కమిటీలు వేశారు. 1965 ఆగస్టు 9న సింగపూర్ విడి దేశమైంది.

పాత పేటల జనాన్ని ప్రభుత్వం కొత్త ఫ్లాట్లలోకి కలగలిపి తరలించింది. అయితే అమ్మకాలు, కొనుగోళ్లు సాగేకొద్దీ మలయ్‌లు బెడోక్, టాంపినీస్ వైపు, చైనీయులు హౌగాంగ్ వైపు మళ్లీ గుమిగూడారు. అప్పుడొచ్చింది 1989 నాటి కోటా: ఒక బ్లాకులో చైనీయులు 87 శాతం, మలయ్‌లు 25 శాతం దాటకూడదు. భారతీయులకు, ఇతరులకు కలిపి ఇప్పుడు 15 శాతం.

దీని బరువు అందరిమీదా ఒకేలా పడదు. దేశంలో నలుగురిలో ముగ్గురు చైనీయులే. వాళ్ల కోటా నిండిన బ్లాకులో ఫ్లాటున్న మలయ్ లేదా భారతీయ కుటుంబానికి కొనేవాళ్లు తగ్గిపోతారు, రేటూ తగ్గించుకోవాల్సి వస్తుంది. సామరస్యం ఖర్చు తక్కువమంది ఉన్నవాళ్లే ఎక్కువ కడుతున్నారని నాకనిపిస్తుంది. బాగా ఇబ్బంది పడుతున్నవాళ్ల ఫ్లాట్లను ప్రభుత్వమే తిరిగి కొనే వెసులుబాటు 2022లో గానీ రాలేదు.

బడుల్లో 1997 నుంచి జూలై 21ని జాతుల సామరస్య దినంగా జరుపుతున్నారు. పిల్లలు తమ జాతి సంప్రదాయ బట్టలో, వేరే జాతివాళ్లవో వేసుకొస్తారు. ప్రభుత్వ లెక్కలో మన పిల్లలది ‘భారతీయులు’ అనే గడి. అక్కడ తెలుగు సమాజం 1975 నుంచే ఉన్నా, బడిలో మాతృభాష సబ్జెక్టుగా తెలుగు లేదు. తెలుగు ఇంటి పిల్లలు హిందీయో తమిళమో తీసుకుని ‘మాతృభాష’ పరీక్ష రాస్తారు.