లగూనా సెకాకి వెళ్ళే ముందు బ్రేక్ ప్యాడ్ల సంగతి

సలీనాస్, కాలిఫోర్నియా

చి. చిన్నాకి, చి. బుజ్జమ్మకి,

అత్తయ్య ఆశీస్సులు. మీరిద్దరూ డబ్బులు కూడబెట్టుకుని పాత మియాటా (మాజ్దా వాళ్ళ చిన్న స్పోర్ట్స్ కారు) కొన్నారనీ, వచ్చే నెల లగూనా సెకా రేసు ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే మామూలువాళ్ళు సొంత కార్లు ట్రాక్ మీద నడిపే రోజుకి, పేర్లిచ్చారనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి గొంతులో భయం వినబడింది. నాకు మాత్రం సంతోషమేసింది. ఎదురుగా బండ్లు రాని చోట, పక్కన నేర్పేవాళ్ళు కూర్చుని ఉండగా వేగం నేర్చుకోవడం కంటే మంచి పద్ధతి నాకు తెలీదు. ఆ భయం సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

చిన్నా, నీ మెసేజ్ చూశాను. "అత్తయ్యా, అన్నిటికన్నా మంచి బ్రేక్ ప్యాడ్ ఏది?" అని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ అలా అడిగితే ఎవరు చెప్పినా సరైన జవాబు రాదు. "మా బ్రేకులు ఎంత వేడెక్కుతాయి?" అని అడుగు. అప్పుడు జవాబు దానంతటదే దొరుకుతుంది. అందుకే మెసేజ్ కాకుండా ఉత్తరం రాస్తున్నాను.

మీ చిన్నప్పుడు తిరుమల నుంచి దిగాక అలిపిరి దగ్గర కార్ల నుంచి వచ్చే మాడు వాసన గుర్తుందా? నా పదేళ్ళప్పుడు మేము అద్దె అంబాసిడర్లో దిగుతుంటే డ్రైవర్ సగం దారిలో బండి పక్కకి తీశాడు. "బ్రేకు పట్టట్లేదు సార్, కాస్త చల్లారాలి" అన్నాడు. మీ తాతయ్య చక్రాల మీద నీళ్ళు పోద్దామన్నారు. "వద్దు సార్, కాలిన ఇనుము పగులుతుంది" అని ఆయన గట్టిగా ఆపాడు. మళ్ళీ బయల్దేరాక రెండో గేరులోనే దించాడు, బ్రేకు మీద కాలు అరుదుగా పెట్టాడు. ఆ డ్రైవర్‌కి ఈ శాస్త్రమంతా అనుభవంలో తెలుసు. నాకు మాత్రం ఇంజినీరింగ్ చదివి, ట్రాక్ మీద కొన్నేళ్ళు తిరిగాక గానీ అర్థం కాలేదు.

చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుని రెండు పక్కల నుంచీ ప్యాడ్లు నొక్కిపడితే బండి ఆగుతుంది. బ్రేకు వేగాన్ని మాయం చెయ్యదు, వేడిగా మారుస్తుంది, అంతే. మీ లెక్కే వేద్దాం. మీరు కూర్చున్న మియాటా సుమారు 1,150 కిలోలు అనుకుందాం. లగూనా సెకాలో స్టార్ట్ లైన్ దాటి, మొదటి మలుపు మీద మిట్ట ఎక్కి, దిగుతూ రెండో మలుపుకి వస్తారు. తలపిన్నులా వెనక్కి తిరిగే ఆ మలుపునే ఆండ్రెట్టి హెయిర్‌పిన్ అంటారు. అక్కడ గంటకి 160 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించారనుకోండి. దాదాపు పది లక్షల జౌళ్ళ శక్తి బయటపడుతుంది. మామూలు నీళ్ళు మూడు లీటర్లను కాగబెట్టి మరిగించేంత వేడి అది. మన పొయ్యి మీద దానికి పావుగంట పడుతుంది, మీ బ్రేకులకి మూడు నాలుగు సెకన్లే టైముంటుంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు చక్రాల రెండు డిస్కులే భరించాలి. ట్రాక్ పొడవు 3.6 కిలోమీటర్లు, 11 మలుపులు. రెండు నిమిషాలకోసారి మళ్ళీ అదే హెయిర్‌పిన్ వస్తుంది. మధ్యలో కార్క్‌స్క్రూ అనే మెలికల దిగుడు ముందు, చివరి మలుపు ముందు కూడా గట్టిగానే తొక్కాలి. డిస్కు చల్లారేలోపే కొత్త వేడి వచ్చి కూర్చుంటుంది.

ఇక ప్యాడ్‌లో ఏముంటుందో చెప్పాలి. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్ళింది. దారిలో దిగుళ్ళలో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే, ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని చేత వాటి మీద తోలు కొట్టించింది. కారు బ్రేకుకి తొడిగిన మొదటి లైనింగ్ అదేనంటారు. ఇంగ్లండ్‌లో డార్బీషైర్ కొండల్లో బండ్లవాళ్ళు దిగుళ్ళలో పాత బూట్లు చక్రాలకి అడ్డంగా నొక్కడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన చూశాడు. అంతకన్నా మెరుగైనది చేస్తానని 1897లో మొదలుపెట్టిన పనే ఫెరోడో కంపెనీ అయింది. ఆయన ఇంటిపేరు అక్షరాలను అటూ ఇటూ చేసి, ఒక అక్షరం కలిపితే ఆ పేరొస్తుంది. మనం ఈ రోజు ప్యాడ్ ఎంచుకోవడమూ ఆ పని కొనసాగింపే. అరిగేదాన్ని, కాలేదాన్ని తీసేసి, ఇంకాస్త ఓర్చుకునేదాన్ని పెట్టడం.

ఇప్పటి ప్యాడ్‌లో లోహపు పొడులు, పీచులు, గ్రాఫైట్, గరుకు రేణువులు అన్నీ కలిపి ఫినాలిక్ రెసిన్ అనే బంకతో అతికిస్తారు. ఆ బంకే కీలకం. దాని ఓపిక దాటి వేడెక్కితే అది కాలి ఆవిరవుతుంది. ఆ ఆవిరి ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పలచటి పొరలా నిలిచి, పట్టు జారిపోతుంది. దాన్నే ఫేడ్ అంటారు. అలిపిరి దగ్గర మాడు వాసన కూడా ఆ బంకదే.

రోడ్డు ప్యాడ్లు చలిలో, మొదటి తొక్కుడులోనే పట్టుకునేలా చేస్తారు. చప్పుడు చెయ్యకూడదు, దుమ్ము రాలకూడదు. సుమారుగా 350, 400 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలావాటి పని అయిపోతుంది. రేసు ప్యాడ్లు దీనికి తలకిందులు. 600 దాటినా బెదరవు, కానీ 100 డిగ్రీల దగ్గర మొద్దులా ఉంటాయి. పైగా కీచుమంటాయి, డిస్కును తినేస్తాయి, వాటి దుమ్ము తడిస్తే చక్రాల రంగు మీద తుప్పు మచ్చలు పడతాయి. మీరు ఫ్రీమాంట్ నుంచి పొద్దున్నే మంచులో గంటన్నర హైవే మీద వస్తారు. ముందు వెళ్ళే ట్రక్కు ఉన్నట్టుండి ఆగితే, చల్లటి రేసు ప్యాడ్లతో మీరు ఆగలేరు. ట్రాక్ మీద ప్రాణం కాపాడే ప్యాడ్ హైవే మీద తియ్యగలదు. రేసుకి మాత్రమే అని రాసి ఉన్నవాటితో రోడ్డు ఎక్కొద్దు. ఈ విషయంలో నాతో వాదించొద్దు.

బుజ్జమ్మ ప్యాడ్ అంచు మీద అక్షరాలేమిటని అడిగింది. అక్కడ రెండు అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటిది తక్కువ వేడిలో ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, రెండోది ఎక్కువ వేడిలో. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కానీ ఆ పరీక్ష చిన్న ముక్క మీద, దాదాపు 340 డిగ్రీల దాకానే చేస్తారు. మీ హెయిర్‌పిన్ కథ అక్కడ్నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ అక్షరాలు చూసి ట్రాక్ ప్యాడ్ కొనలేం. చివర్లో ఎన్ అని ఉంటే మాత్రం అందులో రాగి అర శాతం కన్నా తక్కువని అర్థం. ప్యాడ్ దుమ్ములోని రాగి వానకి కొట్టుకుపోయి వాగుల్లో చేపలకి విషమవుతోందని కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, 2021 నాటికి 5 శాతానికి, 2025 నాటికి అర శాతానికి దించింది. మన కాలు తొక్కిన దుమ్ము సముద్రం దాకా పోతుందని నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

కొనేముందు కంపెనీ ఇచ్చే గ్రాఫ్ చూడండి. కింద వేడి, పక్కన ఘర్షణ గుణకం. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన గరిష్ఠ డిగ్రీల అంకె చూసి మురిసిపోవద్దు. గీత ఎంత దూరం సమంగా నడిచిందో చూడండి. ఒక చోట కొండలా లేచి తర్వాత జారిపోయే ప్యాడ్ కంటే, కాస్త తక్కువ ఎత్తులో చదునుగా సాగే ప్యాడ్ నేర్చుకునేవాళ్ళకి మేలు. మొదటి ల్యాప్‌లో, అంటే ట్రాక్ మొదటి చుట్టులో, ఎంత తొక్కితే ఎంత ఆగిందో, పదో ల్యాప్‌లోనూ అంతే ఆగాలి. అప్పుడే కాలికి నమ్మకం కుదురుతుంది.

పేర్లు కావాలన్నావు కాబట్టి చెప్తాను. మీ బండికి ఉన్నవి 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగు) రోడ్డు టైర్లు. వాటికి మొదటి ఏడాది హాక్ హెచ్‌పీ ప్లస్ గానీ, ఫెరోడో డీఎస్2500 గానీ నా ఎంపిక. రెండూ చప్పుడు చేస్తాయి, పర్లేదు. డీఎస్2500 కాలికి మెత్తగా, కొలిచినట్టు పలుకుతుంది, అందుకే నా మనసు అటే. అందరూ ఒకే రకం మియాటాలతో పోటీపడే స్పెక్ మియాటా రేసుల్లో వాడే హాక్ డీటీసీ-60, కార్బోటెక్ ఎక్స్‌పీ10 లాంటివి ఇప్పుడే వద్దు. అవి రేసు టైర్ల పట్టుకి తగినవి. ప్యాడ్ ఎంత బలంగా పట్టినా చివరికి బండిని ఆపేది టైరే. టైరుకి మించిన ప్యాడ్ వేస్తే ప్రతి మలుపులోనూ ఏబీఎస్ కొట్టుకోవడమే మిగులుతుంది, బ్రేకు వెయ్యడం రాదు. ముందు వెనకా ఒకే రకం వెయ్యండి. ముందు రోడ్డు ప్యాడ్, వెనక బలమైనది అనే పొరపాటు ఎప్పుడూ చెయ్యొద్దు. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి బొంగరంలా తిరుగుతుంది.

ఇప్పుడు నాకు జరిగింది చెప్పాలి. నేను ట్రాక్ మొదలుపెట్టిన రెండో ఏడు, ఖరీదైన ప్యాడ్లు వేయించుకుని ధీమాగా ఉన్నాను. బండి చూసే గ్యారేజీలో బ్రేక్ ఆయిల్ బాగానే ఉందన్నారు, నేను తిరిగి అడగలేదు. నాలుగో ల్యాప్‌లో అదే రెండో మలుపు. పెడల్ తొక్కితే మెత్తగా నేల దాకా దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు పంప్ చేస్తే కొంచెం పట్టు వచ్చింది. స్టీరింగ్ తిప్పకుండా నేరుగా ట్రాక్ బయట మట్టిలోకి పోనిచ్చాను. బండి ఆగింది. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

ప్యాడ్లు బాగానే ఉన్నాయి. వాటి వేడి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్ దాటి ఆయిల్‌కి చేరి, అది మరిగింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు 3.7 శాతం చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే బుడగలు వస్తాయి, ద్రవంలా కాకుండా బుడగ నొక్కుకుపోతుంది, కాలి బలం ప్యాడ్ దాకా చేరదు. అందుకని మీ కాలు రెండు జబ్బుల్ని విడివిడిగా గుర్తుపట్టాలి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ ఫేడ్ అయింది. పెడల్ మెత్తబడి దిగిపోతుంటే ఆయిల్ మరిగింది. రెండిట్లో ఏది వచ్చినా చెయ్యెత్తి, పక్కకిచ్చి, మెల్లగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చెయ్యండి. ట్రాక్ డేకి ముందు వారంలోపే, 300 డిగ్రీలు దాటిన హద్దు ఉన్న కొత్త రేసు ఆయిల్ పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి. ప్యాడ్ల మీద పెట్టే డబ్బుకంటే ముందు దీనికి పెట్టండి. సిలికోన్‌తో చేసే డాట్ 5 మాత్రం ముట్టుకోవద్దు, పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు.

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే ట్రాక్ మీదికి రావొద్దు. అమ్మమ్మ కొత్త దోశ పెనాన్ని ఏం చేసేదో గుర్తుందా? నూనె పట్టించి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, సన్నని సెగ మీద కాచి మచ్చిక చేసేది. తొందరపడితే మొదటి దోశ అతుక్కునేది. ప్యాడ్ కూడా అంతే. తన పదార్థాన్ని పలచటి పొరగా డిస్కుకి సమంగా పట్టించాలి. ఖాళీ రోడ్డు చూసుకుని గంటకి 100 నుంచి 20 దాకా, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు వరసగా తగ్గించండి. తర్వాత బ్రేకు ముట్టకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి ఆగారో, ప్యాడ్ ముద్ర డిస్కు మీద ఒకచోట అతుక్కుంటుంది. అప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంగిందని చెప్పి కొత్తది అమ్ముతారు, చాలాసార్లు అది వంగి ఉండదు, ఆ మచ్చ అంతే.

ఎంత వేడెక్కుతుందన్న మొదటి ప్రశ్నకి జవాబు కొలిచి తెలుసుకుందాం. డిస్కు అంచుకి పూసే రంగులు నా దగ్గరున్నాయి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర మారతాయి. ముందు డిస్కులకి మూడు గీతలు గీసి పంపిస్తాను. ఆకుపచ్చ ఒక్కటే మారితే మీ ప్యాడ్ మీకు సరిపోయింది. నారింజ కూడా మారితే, వచ్చేసారికి ఒక మెట్టు పైది చూద్దాం. ఎరుపు మారితే ప్యాడ్ మార్చేముందు మీరు బ్రేకు ఎలా వేస్తున్నారో చూడాలి. మలుపుకి చాలా ముందు నుంచి భయంభయంగా ఒత్తుతూ వస్తే, ప్యాడ్ డిస్కుని రుద్దుతూనే ఉంటుంది, చల్లారడానికి టైము దొరకదు. గట్టిగా, కొద్దిసేపు తొక్కి వదిలెయ్యాలి.

ప్యాడ్ మందం కొత్తప్పుడు సుమారు పది మిల్లీమీటర్లు ఉంటుంది. సగం అరిగితే ట్రాక్‌కి వద్దు, మిగిలింది రోడ్డు మీద వాడుకోండి. పలచబడ్డ ప్యాడ్ వేడిని పిస్టన్‌కి తొందరగా దాటిస్తుంది. మియాటా క్యాలిపర్ పిన్నుల మీద జారుతూ పనిచేస్తుంది కాబట్టి ఆ పిన్నులకి గ్రీజు ఉందో లేదో చూడండి. లేకపోతే ప్యాడ్ ఒక పక్కే ఏటవాలుగా అరుగుతుంది.

ఆ రోజు పొద్దున ఆరున్నరకి గేటు దగ్గర ఉంటాను. టార్చిలైటు, రంగుల డబ్బా, పులిహోర తెస్తాను. ప్రతి సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు దాదాపు వాడకుండా చల్లగా నడిపి లోపలికి రండి. బండి ఆపాక హ్యాండ్ బ్రేకు లాగొద్దు, వేడి డిస్కుకి ప్యాడ్ అతుక్కుంటుంది. గేరులో వదిలెయ్యండి. చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మలు రెండు నా డిక్కీలోనే ఉన్నాయి.

మీ అత్తయ్య